పాపం, ఓడ కంపెనీ

లోకంలో జాలిపడాల్సిన వాళ్ళకి కొదవ లేదు. అయినా విహార ఓడలు నడిపే క్రూయిజ్ కంపెనీలకి జరిగినంత అన్యాయం మరెవరికీ జరగలేదని నా నిశ్చితాభిప్రాయం. పని చేయించుకున్నవాడే జీతం ఇచ్చుకోవాలనే మొరటు ఆచారం ఒకటి ఒడ్డు మీద ఇంకా నడుస్తోంది. సముద్రం మీద దాన్ని నెమ్మదిగా పక్కకి జరిపి, ఆ పీట మీద మర్యాదను కూర్చోబెట్టిన ఘనత వీళ్ళది. ఇంత చేసినా వీళ్ళకి ఒక శాలువా కప్పి, ఒక మెమెంటో చేతిలో పెట్టిన సంఘం లేదు.

ఓడెక్కని వాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. మయామీ నుంచో, టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచో కరీబియన్ వైపు వెళ్ళే పెద్ద ఓడ ఏదెక్కినా, మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా గ్రాట్యుటీ పేరుతో, అంటే టిప్పు కింద, మీ ఖాతాలో పడిపోతుంది. సూట్ అనే పెద్ద గది తీసుకుంటే ఇంకాస్త ఎక్కువ. వారమంతా ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప మరొకటి ముట్టని మూడేళ్ళ పిల్లాడికీ అంతే. నలుగురున్న కుటుంబం ఏడు రాత్రులు వెళ్ళొస్తే, రోజుకి 18 చొప్పున వేసుకున్నా 504 డాలర్లు. దీన్ని టికెట్ ధరలో కలపరు. కలిపితే టికెట్ ఖరీదుగా కనిపిస్తుంది, జనం భయపడతారు. అందుకని ఇది మీ గుండెల్లోంచి పొంగిన కృతజ్ఞత కింద జమ. పొంగడం మాత్రం ఆటోమేటిక్. బార్‌లో గ్లాసు పట్టుకున్నారంటే ఇంకో 18 శాతమో 20 శాతమో విడిగా పొంగుతుంది.

ఈ డబ్బు గది సర్దే స్టీవార్డ్‌కీ, వడ్డించే వెయిటర్లకీ, మన కంటికి కనిపించని మరికొందరికీ వెళ్తుందని చెబుతారు. వాళ్ళలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు, వారానికి ఏడు రోజులూ డ్యూటీ, రోజుకి పది పన్నెండు గంటలు. సముద్ర కార్మికుల గురించి 2006లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం కనీస విశ్రాంతికి ఒక లెక్క పెట్టింది: 24 గంటల్లో పది, వారంలో 77. వారానికి ఉన్నవి 168 గంటలు. తీసివేత మీరు చేసుకోండి. నేను చేస్తే కంపెనీ నొచ్చుకుంటుంది.

మరి అమెరికా కనీస వేతన చట్టం ఏమైందని అడిగే అమాయకులుంటారు. ఓడ ఎక్కేది అమెరికాలో, దిగేది అమెరికాలో, డాలర్లు పోసేది అమెరికాలో. ఓడ నమోదైన దేశపు జెండా మాత్రం బహామాస్‌ది, కాకపోతే పనామాది. అమెరికా జెండా లేని ఓడల మీది నావికులకి ఆ కనీస వేతనం వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. రాయల్ కరీబియన్ అనే పెద్ద క్రూయిజ్ కంపెనీ ఆఫీసు మయామీలో ఉంటే, కంపెనీ రిజిస్ట్రేషన్ లైబీరియాలో ఉంది. ఇది విశ్వమానవ దృక్పథం. సరిహద్దులు లేని ప్రపంచం గురించి కవులు కలలు కంటూ కూర్చున్నారు, వీళ్ళు చేసి చూపించారు.

ఈ జెండా మహిమ ఒక్కోసారి ప్రయాణికుడికీ తగులుతుంది. విదేశీ జెండా ఓడలు ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకి ప్రయాణికుల్ని చేరవేయకూడదని 1886 నాటి చట్టం. అమెరికా ఓడల్నీ, వాటి మీది పనివాళ్ళనీ కాపాడాలని చేసింది. సియాటిల్ నుంచి అలాస్కా చూపించి తీసుకొచ్చే ఓడలు అందుకే, పరాయి దేశపు రేవు ఒకటి తాకామనిపించుకోవడానికి, మధ్యలో కెనడాలోని విక్టోరియా దగ్గర, చాలాసార్లు చీకటి పడే వేళకి, కొన్ని గంటలు ఆగుతాయి. పనివాడి కోసం పుట్టిన చట్టం చివరికి టూరిస్టుకి ఒక పూట షికారు చేయించి చేతులు దులుపుకుంది.

సరే, టిప్పుల దగ్గరికి వద్దాం. ఒకప్పుడు ఈ వ్యవహారం ఇంత శాస్త్రీయంగా ఉండేది కాదు. ఆఖరి రాత్రి గదిలో ఖాళీ కవర్లు పెట్టేవాళ్ళు. వెయిటర్‌కి ఒకటి, అతని సహాయకుడికి ఒకటి, గది సర్దిన మనిషికి ఒకటి. అందులో నోట్లు పెట్టి, ఆ మనిషి మొహం చూస్తూ చేతికివ్వాల్సి వచ్చేది. అంత ముఖాముఖి అందరి వల్లా కాదు. ఇప్పుడు అంతా ఖాతాలో జరిగిపోతుంది కాబట్టి ఇవ్వడానికి మొహం చూడక్కర్లేదు. ఎగ్గొట్టడానికీ చూడక్కర్లేదు.

ఎగ్గొట్టడం అనకూడదేమో, అదొక సిద్ధాంతం. ఈ మొత్తాన్ని తగ్గించుకునే, లేదా పూర్తిగా తీసేయించుకునే వీలు కొన్ని కంపెనీల్లో ఉంది. ఆఖరి సాయంత్రం గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గర నిలబడితే సిద్ధాంతకర్తలందరూ ఒకేచోట దర్శనమిస్తారు. వారం రోజులు ఎండ్రకాయ కాళ్ళు విరుచుకు తిన్న పెద్దమనిషి చాలా మెల్లగా, చుట్టూ చూసుకుంటూ, "పనివాళ్ళ జీతం కంపెనీ బాధ్యత అండీ, నా బాధ్యత కాదు" అంటాడు. వాదన నూటికి నూరుపాళ్ళు సబబు. వచ్చిన చిక్కల్లా, ఆ సబబు కోసం త్యాగం చేసేది ఆయన కాదు, కంపెనీ అంతకన్నా కాదు. కింది డెక్‌లో కిటికీ లేని గదిని ఇంకొకరితో పంచుకుంటున్న స్టీవార్డ్ చేస్తాడు, తనకి తెలియకుండానే. ఇంకో రకం సిద్ధాంతి "నేను స్వయంగా చేతికిస్తాను, అప్పుడే అసలు మనిషికి అందుతుంది" అని ఖాతాలోది తీసేయిస్తాడు. ఆ రాత్రి ఎందుకో ఆయనకి డైనింగ్ రూమ్ మీద విరక్తి పుడుతుంది. భోజనం బఫేలో కానిస్తాడు.

వీళ్ళని చూసి అవతలి పక్షానికి ఒళ్ళు మండుతుంది. వాళ్ళు టిప్పు పూర్తిగా ఇచ్చి, పైన ఇరవై నోటు కూడా మడిచి పెట్టి, ఆ సంగతి లిఫ్టులో నలుగురికీ వినబడేలా చెప్పుకునే ధర్మాత్ములు. "టిప్పు ఇచ్చుకోలేనివాడు క్రూయిజ్‌కి ఎందుకు రావాలి?" అంటారు. లిఫ్టు ఐదో అంతస్తులో ఎక్కి పద్నాలుగులో దిగేలోపు రెండు పక్షాలూ తిట్టుకోవడం పూర్తవుతుంది. ఈ మొత్తం తగువులో కంపెనీ పేరు ఒక్కసారి కూడా ఎవరి నోటా రాదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. రంగురంగుల బ్రోచర్లలో 'మా ఆతిథ్యం' అని వేసుకునేది కంపెనీ, దాని బిల్లు గురించి జుట్లు పట్టుకునేది మాత్రం మనం. జీతాల సమస్యను ప్రయాణికుల సంస్కార సమస్యగా మార్చేసిన బుర్ర ఎవరిదో గానీ, సాష్టాంగపడాలి.

ఇక్కడ మనవాళ్ళ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పు. డల్లాస్, హ్యూస్టన్‌లలో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్ని గాల్వెస్టన్‌లో ఓడెక్కించడం ఇప్పుడు మామూలైపోయింది. మొదటి రాత్రి డైనింగ్ రూమ్‌లో ఆవిడ పట్టుచీర కట్టుకుని, ఫోర్కుతో పాస్తాను అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది. తినరు, బాగాలేదనీ అనరు. హెడ్ వెయిటర్ ముంబై మనిషో గోవా మనిషో అయ్యుంటాడు. దూరం నుంచే కనిపెట్టేస్తాడు. పక్కకొచ్చి కొంచెం వంగి, హిందీలో, "మేడమ్, రేపు మీకు దాల్, ఒక కూర, అన్నం చేయిస్తాను" అంటాడు. మర్నాడు సూపు గిన్నెలో జీలకర్ర తాలింపు వేసిన పప్పు వస్తుంది. ఓడెక్కాక మొదటిసారి ఆవిడ చేత్తో కలుపుకుని తింటుంది. పక్కనున్న భర్త కోటు జేబులోంచి ఎర్రటి సీసా ఒకటి బయటికి తీస్తాడు. ఇంట్లో చేసిన తిండి ఓడ మీదికి తీసుకురాకూడదని చాలా కంపెనీల నిబంధన. హెడ్ వెయిటర్ ఆ సీసా కేసి చూడనే చూడడు. ఆ చూడకపోవడానికి ఎన్ని డాలర్లో ఏ టిప్పుల పట్టికలోనూ లేదు.

రైస్ కుక్కర్ సంగతి వేరు. అదీ, కరెంటు కెటిలూ, ఇస్త్రీ పెట్టె నిషిద్ధాలు, నిప్పు భయం. స్కానింగ్‌లో కుక్కర్ కనబడితే ఆ సూట్‌కేసు గదికి రాదు, మిమ్మల్నే రమ్మని కబురొస్తుంది. సెక్యూరిటీ గదిలో తల వంచుకు నిలబడ్డ వాళ్ళలో దేశదేశాల వాళ్ళుంటారు. మౌత్‌వాష్ సీసాలో రమ్ము పోసుకొచ్చిన అమెరికన్ పక్కన కుక్కర్ తెచ్చిన గుంటూరు మాస్టారు నిలబడితే, విశ్వమానవ దృక్పథం మళ్ళీ గుర్తొస్తుంది.

రమ్ము అంటే గుర్తొచ్చింది. తాగుడు ఖర్చుకి రోజుకింతని ముందే కట్టే డ్రింక్ ప్యాకేజీ అనే దాంట్లో ఒక గొప్ప దాంపత్య సూత్రం ఇమిడి ఉంది. ఒక గదిలో వయసొచ్చిన వాళ్ళలో ఒకరు ప్యాకేజీ కొంటే, ఆ గదిలోని పెద్దవాళ్ళందరూ కొనాలని పెద్ద కంపెనీలు కొన్ని పట్టుబడతాయి. అంటే మొగుడు తాగితే, మజ్జిగ తప్ప ఎరగని భార్య కూడా తాగుబోతు లెక్కలో పడుతుంది, బిల్లుతో సహా. కార్నివాల్ అనే కంపెనీ రోజుకి 15 పెగ్గుల దగ్గర గీత గీసింది. ఆ పదిహేనుకీ న్యాయం చేయాలని కంకణం కట్టుకున్న వాళ్ళని ఈత కొలను పక్కన చూడొచ్చు.

కొలను అనగానే కుర్చీలు. ఆరింటికే లేచి, నాలుగు కుర్చీల మీద తువ్వాళ్ళు, ఒక చెప్పు, ఎవరూ చదవని ఒక లావుపాటి నవల పెట్టి పదకొండింటి దాకా టిఫిన్లు చేసే జాతి ఒకటుంది. కిటికీలోంచి రుమాలు విసిరి ఆర్టీసీ బస్సులో సీటు ఆపిన మనకి ఇది చూస్తే నవ్వొస్తుంది. మనం రుమాలుతో చేసినదానికి వీళ్ళకి బీచ్ టవల్ కావాల్సి వచ్చింది. అరగంటో, నలభై నిమిషాలో మనిషి లేకపోతే సామాను తీసేస్తామని బోర్డు ఉంటుంది. కొన్ని ఓడల్లో సిబ్బంది టైము రాసిన స్టిక్కరు కూడా అంటిస్తారు. చెప్పు యజమాని తిరిగొచ్చి ఎగిరేది మాత్రం ఆ స్టిక్కరు అంటించిన కుర్రాడి మీద. ఆ కుర్రాడు నవ్వుతూ సారీ చెబుతాడు. అతనికి ప్రయాణికుల మార్కులు కావాలి.

బఫే ద్వారం దగ్గర చేతులు కడుక్కోమని పాటలు పాడి మరీ బతిమాలే ఉద్యోగం ఒకటుంది. కడుపు చెడగొట్టే నోరోవైరస్‌కి శానిటైజర్ చుక్క సరిగా పనిచేయదు, సబ్బూ నీళ్ళూ కావాలి. ఓడలో మూడు శాతం మందికి విరేచనాలూ వాంతులూ పట్టుకుంటే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఓడ పేరు బహిరంగంగా ప్రకటిస్తుంది. ఇన్ని తెలిసినా, సింకు పక్కనుంచి ఠీవిగా నడిచి వెళ్ళి బన్నుల్ని చేత్తో నొక్కి చూసే పెద్దమనుషులకి లోటు లేదు. వీళ్ళలో టిప్పు ధర్మాత్ములూ ఉంటారు, సిద్ధాంతకర్తలూ ఉంటారు. ఇక్కడ రెండు పక్షాలకీ విభేదాలు లేవు.

ప్రమాద శిక్షణ గురించి విసుక్కోవడం కూడా ఓడ మర్యాదల్లో భాగమే. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాతిని ఢీకొని ఒరిగిపోయి, 32 మంది చనిపోయారు. ఆ రోజే ఓడెక్కిన వందలమందికి అప్పటికింకా శిక్షణే జరగలేదు. 24 గంటల్లోపు చేస్తే చాలని అప్పటి నిబంధన. ఆ తర్వాత, ఓడ కదలకముందే, లేదా కదలగానే జరగాలని మార్చారు. ఇప్పుడు ఫోన్లో వీడియో చూసి, చెప్పిన చోటికి వెళ్ళి పేరు నమోదు చేయించుకుంటే అయిపోతుంది. ఆ పది నిమిషాలకీ "వెకేషన్‌కి వచ్చి ఈ టెన్షన్ ఏంటి" అనేవాళ్ళున్నారు.

మధ్యలో ఒకరోజు కంపెనీ సొంత దీవిలో దింపుతారు. బహామాస్‌లో పెద్ద కంపెనీలన్నిటికీ ఇలాంటివి ఉన్నాయి. ఓడలో అమ్మిన కొబ్బరి రమ్మునే అక్కడ ఇసుకలో నిలబడి, అదే కార్డు గీకి కొనుక్కోవాలి. స్థానిక సంస్కృతి అంటే ఆ కార్డు గీకే మిషనే.

నాకొక్కటే వెలితి కనబడుతోంది. వెయిటర్ జీతాన్ని కృతజ్ఞతగా మార్చినవాళ్ళు కెప్టెన్‌ని ఎందుకు వదిలేశారు? ఆయనకి కంపెనీయే నేరుగా జీతం ఇస్తుందట, పాపం, పాతకాలపు పద్ధతిలో. ఏడు వేలమందిని మోసే ఓడను రాతికి తగలకుండా తీసుకొచ్చినందుకు ఆయనకి ఒక 18 శాతం ఉండొద్దా? దిగేటప్పుడు ఒక కవరు? బాగా మలుపు తిప్పాడనిపిస్తే పైన ఒక ఇరవై? ఇంజినీర్లకీ, లంగరు లాగేవాళ్ళకీ, వాతావరణం చూసేవాళ్ళకీ కూడా పట్టిక వేయాలని నా విన్నపం. చమురు గురించి మాత్రం నేను సలహా ఇవ్వాల్సిన పని లేదు. దాని ధర ఫలానా గీత దాటితే, టికెట్ కొన్నాక కూడా మనిషికి రోజుకి ఇంత అని వసూలు చేసుకునే హక్కు పెద్ద కంపెనీలు కాంట్రాక్టులో ముందే రాసిపెట్టుకున్నాయి.