మొజాయిక్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ జపాన్ మొజాయిక్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు. జపాన్‌లో పెద్దలకు మాత్రమే అన్న వీడియో ఏది పెట్టినా తెర నడుమ మర్మాంగాల మీద గళ్లగళ్లుగా మీరే దర్శనమిస్తారు. క్యాసెట్టు పోయి డీవీడీ వచ్చింది, అదీ పోయి ఇంటర్నెట్ వచ్చింది, మీరు మాత్రం కదల్లేదు. ఇన్ని చిత్రాల్లో కనపడినా ఒక్క టైటిల్ కార్డులోనూ మీ పేరుండదు. పాపం.

మీకు ఉద్యోగం వేయించింది ఎవరా అని చూస్తే, 1907 నాటి శిక్షాస్మృతిలో 175వ సెక్షన్ కనిపించింది. అశ్లీలమైనది పంచితే రెండేళ్ల దాకా జైలు, 25 లక్షల యెన్ల దాకా జరిమానా. విచిత్రం, అందులో మీ ఊసే లేదు. ఏది అశ్లీలమో కూడా లేదు. డి.హెచ్. లారెన్స్ నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ని అనువదించిన రచయిత ఇతో సెయ్‌కీ, అచ్చేసిన ప్రచురణకర్తకీ శిక్ష ఖాయం చేస్తూ 1957లో సుప్రీంకోర్టు ఒక నిర్వచనం చెప్పింది: అది కామం రేపాలట, మామూలు మనిషి సిగ్గుపడాలట, లైంగిక నీతికి ఎదురు నిలవాలట. ఇంత బరువైన తూకం ఎవరు వెయ్యగలరు? ఎందుకొచ్చిన గొడవ, కప్పేద్దాం అనుకున్నారు సినిమావాళ్లు. అలా మీకు నౌకరీ దొరికింది.

ఎంత మందంగా కప్పాలో మాత్రం ఎవరూ చెప్పరు. పలచబడితే పోలీసులొస్తారు. వీడియోల్ని ముందుగా చూసి సరే అనడానికి పరిశ్రమే పెట్టుకున్న సంస్థ ఒకటుండేది. దాని మనుషుల్నే 2008లో అరెస్టు చేశారు, మీరు మరీ పలచగా ఉన్నారని. మీకు ఒంట్లో కాస్త నలతగా ఉంటే జైలుకి వెళ్లేది వేరేవాళ్లన్నమాట!

ఏప్రిల్ మొదటి ఆదివారం కవాసాకిలో కనయామ గుడి ఉత్సవానికి మీరెందుకు రారు? అక్కడ పురుషాంగాన్ని పల్లకీలో ఊరేగిస్తారు. ముసలమ్మలు అదే ఆకారంలో చేసిన మిఠాయి చప్పరిస్తూ ఫొటోలకి నిలబడతారు. చెక్కదైతే దైవం, కెమెరాకి చిక్కితే నేరం. మీ దొరల లెక్క నా బుర్రకెక్కలేదు.

ఇక అసలు సంగతి. 2003లో మిత్సురు మెయికె తీసిన పింక్ సినిమా ఒకటుంది, ‘ద గ్లామరస్ లైఫ్ ఆఫ్ సాచికో హనాయ్’ అని బయటి దేశాల్లో తిరిగింది. పింక్ సినిమా లెక్క మీకు తెలిసిందే. గంట నిడివి, నాలుగు డబ్బులు, నాలుగు రోజులు. పదేసి నిమిషాలకో పడగ్గది సీను పడితే చాలు, తక్కినదంతా దర్శకుడి ఇష్టారాజ్యం. (ఆస్కార్ తెచ్చుకున్న యోజిరో తకితా కూడా ఈ బళ్లోనే ఓనమాలు దిద్దాడు, అదీ కామెడీలతో.) ఇందులో ఎమి కురొడా వేసిన సాచికో, టీచరమ్మ వేషంతో విటుల్ని అలరించే అమ్మాయి. గూఢచారుల కాల్పుల మధ్య ఇరుక్కుంటుంది. సరిగ్గా మనం బొట్టు పెట్టుకునే చోట బుల్లెట్ దిగుతుంది. చావదు సరికదా, మేధావి అయి కూర్చుంటుంది. నుదుట చిల్లు పెట్టుకుని చామ్‌స్కీ స్థాయిలో మాట్లాడుతూ కూడా ఎమి కురొడా ముఖం మీద ‘నేను జోకు వేస్తున్నాను’ అన్న ఛాయ ఉండదు. హాస్యానికి అంతకంటే ఏం కావాలి?

ఆ గొడవలో ఆమె చేతికి ఒక చిన్న గొట్టం చిక్కుతుంది. అందులో ఉన్నది అమెరికా అధ్యక్షుడు బుష్ వేలికి నకలు! టీవీలో ఆయన ప్రసంగిస్తుంటే ఆ వేలు పిలవకుండానే ఆమె మీదికి దండయాత్రకి బయల్దేరుతుంది. ఆ ఏడాదే ఇరాక్‌లో ఏం జరిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. మొజాయిక్ గారూ, ఆ సినిమా మొత్తంలో అశ్లీలమంటూ ఉంటే అది ఆ వేలే. కానీ వేలు మీ పరిధిలోకి రాదు కదా.

మమ్మల్ని చూసి నవ్వకండి, మాకూ మీ చుట్టాలున్నారు. కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ కావ్యంలో కొన్ని శృంగార పద్యాలు పీకేసి అచ్చేశాడో పండితుడు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ వాటిని తిరిగి చేర్చి వావిళ్ల వారి చేత వేయిస్తే, అప్పటికింకా మీరు పుట్టలేదు గనక తెల్లదొరలు ఏకంగా పుస్తకాన్నే నిషేధించారు. మీ తమ్ముడొకడు ఇప్పుడు మా టీవీల్లో హీరో చేతిలోని మందుగ్లాసు మీద కూర్చుంటున్నాడు. అదే హీరో అమ్మాయి వెంటపడి ఏడిపిస్తుంటే మాత్రం ఎక్కడికో టీకి పోతాడు.

మిమ్మల్ని నిజంగా నిలదీయాల్సింది మాత్రం ఇది. మీరు ఇన్నేళ్లూ కాపాడింది ఎవరి సిగ్గు? చూసేవాడిది. నటి ముఖం మీద ఒక్క గడి కూడా వెయ్యలేదే! వీధిలో ఆమెని గుర్తుపట్టేది ముఖం చూసే. 2022 ఏప్రిల్‌లో జపాన్ యుక్తవయసుని 18కి దించాక, 18, 19 ఏళ్ల పిల్లలు మైనర్లమని చెప్పి కాంట్రాక్టు రద్దు చేసుకునే దారి మూసుకుపోయింది. గగ్గోలు పుడితే జూన్‌లో కొత్త చట్టం తెచ్చారు. కాగితం రాసుకున్నాక నెల ఆగితే గానీ షూటింగ్ కుదరదు. షూటింగ్ అయ్యాక నాలుగు నెలలు ఆగితే గానీ విడుదల కుదరదు. విడుదలైన ఏడాది లోపు ఆమె కారణం చెప్పకుండా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఈ పని చెయ్యడానికి మీ గళ్లు ఒక్కటీ అక్కర్లేకపోయింది, గమనించారా?

కాబట్టి నా మనవి: కొంచెం పైకి జరగండి. వద్దు మొర్రో అన్న అమ్మాయి ముఖం మీద నిలబడండి. రాత్రికి రాత్రి ఆమె కాంట్రాక్టు తయారుచేసిన పెద్దమనిషి సంతకం మీద నుంచి మాత్రం తప్పుకోండి, అది అందరికీ స్పష్టంగా కనపడాలి.

జవాబు రాస్తే దయచేసి అక్షరాల మీద మీరు కూర్చోకండి.

ఇట్లు,
కళ్లు చికిలించి విసిగిపోయిన ఒక ప్రేక్షకుడు