ఎర్ర దారం కుడితే స్పోర్ట్స్ కారు అయిపోతుందా?

మా స్విఫ్ట్‌కి పదిహేడేళ్లు నిండాయి. 2008 మోడల్, పెట్రోల్, ఏపీ 09 నంబరు. దాని కళ్ల ముందే రాష్ట్రం రెండయింది, టీఎస్ వచ్చింది, టీజీ అయింది. ఇది మాత్రం ఏపీగానే తిరుగుతోంది. గేర్ నాబ్ మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయి, తిరుపతి గుండులా నున్నగా మెరుస్తుంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫస్ట్ నుంచి సెకండ్‌కి సూటిగా లాగితే కర్రుమంటుంది. న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి అప్పుడు వెయ్యాలి. ఆ కిటుకు నా చేతికి అలవాటైపోయింది. మా ఆవిడ నడిపినప్పుడు మాత్రం ముందు కర్రుమనే చప్పుడు, వెంటనే నా వైపు ఒక చూపు.

ఆర్నెల్ల నుంచి దీన్ని మార్చే పనిలో ఉన్నాను. ఈ ఆర్నెల్ల కడుపుమంటే ఈ పోస్టు. పొడుగైపోతే తిట్టుకోకండి.

పదిహేనేళ్లప్పుడు ఆర్సీ రెన్యూవల్ చేయించాను. ఒకప్పుడు 600 ఉన్న ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం 5,000 చేసింది, ఆ పైన గ్రీన్ ట్యాక్స్. సరే అని కట్టాను. మొన్న వానాకాలంలో ఏసీ కంప్రెసర్ పోయింది, లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయి, క్లచ్ ప్లేట్ చివరికొచ్చింది. మా మెకానిక్ అన్న బానెట్ దించి, చేతులు తుడుచుకుంటూ ఒక్క మాటన్నాడు: "బండి దమ్మున్నదే అన్నా. కానీ నువ్వు దీన్ని నడుపుతలేవు, సాకుతున్నవ్."

ఆ మాట సూటిగా తగిలింది.

ఇంట్లో పెట్టుకున్న లెక్క ఇది. అన్నీ కలిపి రోడ్డు మీదకి వచ్చేసరికి 12 లక్షలు దాటొద్దు. వెనక సీట్లో మా అమ్మ మోకాళ్లు పట్టాలి. ఈ రెండూ ఇంటివాళ్ల షరతులు. నాది ఒక్కటే, నడిపితే మజా రావాలి. ఈ మూడోది చెప్పగానే అందరూ నన్ను ఇరవై ఏళ్ల కుర్రాణ్ని చూసినట్టు చూశారు. నాకు నలభై నాలుగు.

మజా అంటే స్పీడు అనుకుంటారు జనం. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా పోవచ్చు, ఏ కారైనా పోతుంది, నిద్ర కూడా వస్తుంది. నేను చెప్పే మజా వేరే. మేం ఏడాదికి రెండుసార్లు శ్రీశైలం పోతాం. మన్ననూరు చెక్‌పోస్ట్ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి చీకట్లోనే బయల్దేరి, గేటు తెరిచే వేళకి అక్కడుంటాం. లోపలంతా పులుల అడవి, కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి, స్పీడు పనికిరాదు. కానీ దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపులున్నాయే! సెకండ్, థర్డ్, మళ్లీ సెకండ్. ముల్లు 40 దాటదు. ఆ నలభైలోనే ముందు టైరు రోడ్డుని పట్టుకున్నది చేతికి తెలుస్తుంది, బరువు ఎటు వాలుతోందో నడుముకి తెలుస్తుంది. మలుపు మధ్యలో కొంచెం యాక్సిలరేటర్ తొక్కితే బండి మాట వింటుంది. నాకు స్పోర్టీ అంటే ఆ పావుగంటే.

ఈ పావుగంట గురించి మా బావగారికి చెప్తే, "అదంతా ఎందుకు, ఎస్‌యూవీ తీస్కో, ఎత్తు మీద కూర్చుంటవ్" అన్నారు. పక్కింటాయనదీ అదే మాట, ఆఫీసులో అందరిదీ అదే మాట. ఎత్తు మీద కూర్చుంటే బావుంటుంది, కాదనను, గుంతలు కూడా భయపెట్టవు. మహీంద్రా వాళ్ల 3ఎక్స్‌ఓ అనే ఎస్‌యూవీలో 130 పీఎస్ (అంటే గుర్రాల బలం లెక్క) టర్బో ఇంజిన్, అదే గాలిని గట్టిగా లోపలికి నెట్టి బలం పెంచే రకం, దాని లాగుడు చూస్తే నాకే నవ్వొచ్చింది, అంత బావుంది. కానీ ఎత్తు పెరిగితే బరువు పైకి పోతుంది, మలుపులో ఒళ్లంతా పక్కకి ఊగుతుంది. ఆ ఊపు తగ్గించాలంటే సస్పెన్షన్, అంటే కింద బరువు మోసే స్ప్రింగులు, గట్టిచేయాలి, అప్పుడు స్పీడ్ బ్రేకర్ల దగ్గర మా అమ్మ నన్ను తిడుతుంది. కిందికి, తేలిగ్గా ఉన్న హ్యాచ్‌బ్యాక్‌కి, అదే మా స్విఫ్ట్ లాంటి డిక్కీ బయటికి పొడుచుకురాని కారుకి, పుట్టుకతోనే ఈ తంటా తక్కువ.

ఇక కంపెనీలవాళ్ల తెలివి చూడండి. మామూలు కారు తీసుకుంటారు. పైకప్పుకి నల్లరంగు, సీట్లకి ఎర్ర దారం, పెడల్స్‌కి అల్యూమినియం రేకు, వెనక డిక్కీ మీద ఒక ఇంగ్లిష్ అక్షరం. ఇంజిన్ అదే, స్ప్రింగులు అవే, బ్రేకులు అవే. పేరు చివర స్పోర్ట్ అని తగిలించి ఎక్కువ గుంజుతారు. పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు దీన్ని చూడకుండానే ఎలా చెప్పారో! మూడు షోరూముల్లో నేను అడిగింది ఒకటే ప్రశ్న: "మామూలు మోడల్‌కీ దీనికీ సస్పెన్షన్‌లో తేడా ఉందా?" ఇద్దరు బ్రోచర్ తిప్పారు. మూడో అబ్బాయి నిజాయితీపరుడు, "లుక్ సార్" అన్నాడు.

కొత్త స్విఫ్ట్ చూడకుండా ఎలా ఉంటాను? 2024 మే నెలలో వచ్చింది, మూడు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్, 82 పీఎస్. నా పాతదానిది 1.3 లీటర్, నాలుగు సిలిండర్లు, 87. పదహారేళ్ల తర్వాత వచ్చిన మనవడు తాత కంటే అయిదు గుర్రాలు తక్కువ! అలాగని మనవణ్ని తీసిపారేయలేను. మాన్యువల్‌కి కంపెనీ చెప్పే మైలేజ్ 24.8, అన్ని మోడళ్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు. నా దాంట్లో ఒక్కటి కూడా లేదు, గట్టిగా బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఇన్నేళ్లూ దేవుడి మీద భారం వేసి తిరిగామన్నమాట. కొత్తదాని ముందుభాగం చకచకా తిరుగుతుంది, గేర్లు వెన్నలా పడతాయి. కానీ నలుగురం ఎక్కి, ఏసీ వేసుకుని, ఫ్లైఓవర్ ఎక్కుతూ థర్డ్‌లో తొక్కితే గొంతు పెరుగుతుందే తప్ప కారు కదలదు. టర్బో పెట్టి ఉంటే ఈ పోస్టు ఇక్కడితో అయిపోయేది.

మన దగ్గర ఇంజిన్లు ఇలా ఎందుకు కుంచించుకుపోయాయంటే, పన్ను. 2006 బడ్జెట్‌లో చిన్నకారు అంటే ఇదీ అని గీత గీశారు. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ మించొద్దు. ఆ గీత లోపలున్నవాటికి పన్ను తక్కువ. దాంతో 1.6 లీటర్ల ఫియట్ పాలియో లాంటి కొంటె హ్యాచ్‌బ్యాక్‌లకి నూకలు చెల్లాయి. నా 1.3 ఇంజిన్ కూడా గీత బయటిదే, 2010లో దాని స్థానంలో 1.2 వచ్చింది. జీఎస్టీ వచ్చినా గీత పోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీత లోపల 18 శాతం, బయట 40. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టర్బో 150 పీఎస్ నడిపి వచ్చిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు, కానీ అది నాలుగున్నర మీటర్ల బండి, నలభై శాతం బాపతు. నా 12 లక్షలకి అందేది కాదు.

దీని మీద మన తెలంగాణ లైఫ్ ట్యాక్స్ ఒకటి. షోరూమ్ ధర 10 లక్షల లోపైతే 14 శాతం, దాటితే ఇంకా ఎక్కువ. ఆ పెరిగిన శాతం పైన ఉన్న ముక్క మీద మాత్రమే పడదు, మొత్తం ధర మీద పడుతుంది. కాగితం మీద వేసి చూసుకున్నాను. 9,99,000 అయితే 1,39,860. 10,01,000 అయితే ఆ లెక్కే మారిపోతుంది. కారు ధరలో తేడా రెండు వేలు, ట్యాక్స్‌లో తేడా ముప్పై వేల పైనే! పాతదాన్ని నా పేరునే ఉంచుకుంటే రెండో బండి కింద ఇంకో 2 శాతం. స్విఫ్ట్‌ని అటకెక్కించి దాచుకుందామనుకున్న నా ప్లాన్ అక్కడ చచ్చింది.

సెకండ్ హ్యాండ్ వైపు కూడా పోయాను. ఫోక్స్‌వ్యాగన్ పోలో! 2020 నుంచి 2022లో ఆపేసేదాకా వచ్చిన 1.0 టర్బో, 110 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్. తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు కోసమే కొనేవాళ్లున్నారు. లైఫ్ ట్యాక్స్ ముందే కట్టి ఉంటుంది, అదొక కలిసొచ్చే సంగతి. వేరే రాష్ట్రం బండైతే మాత్రం ఇక్కడ మళ్లీ కట్టాలి, చవగ్గా వస్తోందని మురిసిపోకండి. నేను చూసిన మూడింట్లో ఒకటి వేరే రాష్ట్రానిది, ఒకదానికి ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి పాప్‌కార్న్ పేలినట్టు సైలెన్సర్ పేలుతోంది. మూడోది శుభ్రంగా ఉంది, కానీ వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ "మోకాళ్లు ఎక్కడ పెట్టుకోను నాయనా" అంది. ఆ కేసు కొట్టేశాం. అన్నట్టు, నేను మనసుపడ్డవన్నీ ఎందుకో ఇంతే. అబార్త్ పుంటో 145 పీఎస్, ఫియట్ దుకాణం కట్టేసింది. ఫిగో నచ్చింది, 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీకి దండం పెట్టేసింది. నేనేదైనా కారు మెచ్చుకుంటే ఆ కంపెనీ షేర్లు అమ్మేసుకోండి.

చివరికి మిగిలినవి రెండు. టాటా ఆల్ట్రోజ్ రేసర్, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. రెండూ 120 పీఎస్ టర్బోలు, రెండింటికీ ఆరు గేర్ల మాన్యువల్. రేసర్ 2024 జూన్‌లో 9.49 లక్షలకి దిగింది. ఎన్ లైన్‌లో ముందు క్లచ్ పెడల్ లేని ఐఎంటీ అనే వింత ఉండేది, 2023 సెప్టెంబర్‌లో దాన్ని తీసేసి బుద్ధిగా మాన్యువల్ ఇచ్చారు, అప్పటి ధర 9.99 లక్షల నుంచి మొదలు. పైన ట్యాక్స్ లెక్క చదివారుగా, ఆ తొమ్మిదుల విలువ ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఈ మాన్యువల్‌ని నడిపి చూడ్డమే పెద్ద యజ్ఞం. ఒక షోరూమ్‌లో (పేరెందుకు లెండి) టెస్ట్ డ్రైవ్‌కి ఆటోమేటిక్ తెచ్చిపెట్టారు. మాన్యువల్ కావాలి తమ్ముడూ అంటే, "ఇంజిన్ అదే కదా సార్" అన్నాడు. పెళ్లిచూపులకి పోతే పిల్ల బదులు పిల్ల అక్కని చూపించి, ముక్కు అదే కదా అన్నట్టుంది. సరే నడుపుదామంటే సర్వీస్ రోడ్డు మీద ఒక యూటర్న్, పెట్రోల్ బంకు దగ్గర ఇంకో యూటర్న్, వెనక్కి. ముల్లు 45 దాటగానే "సార్, స్లోగా" అని చెయ్యి అడ్డం. 12 లక్షలు పోసి కొనేవాణ్ని నేను, పది నిమిషాల పెట్రోల్ మీద పీనాసితనం వాళ్లది. ఊరికి ఇంకో చివర వేరే షోరూమ్‌లో మాన్యువల్ దొరికింది. ఆ అమ్మాయి తాళం చేతికిచ్చి, "గండిపేట దాకా వెళ్లొద్దాం సార్, సిటీలో ఏం తెలుస్తుంది" అంది. అమ్మకం అక్కడే అయిపోయింది.

రేసర్ గట్టి బండి, తలుపులు బావుంటాయి, సీటు బావుంది. క్లచ్ మాత్రం మెహిదీపట్నం ట్రాఫిక్‌లో నా ఎడమ మోకాలికి నచ్చలేదు. ఎన్ లైన్‌లో దారం ఒక్కటే కాదు, సస్పెన్షన్, స్టీరింగ్ నిజంగానే వేరేగా బిగించారు, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులున్నాయి. 172 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం, 1500 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) నుంచే మొదలవుతుందని రాస్తారు. నా కాలికి మాత్రం రెండు వేలు దాటాకే మెలకువ వచ్చినట్టు ఉంది, కింద కొంచెం మత్తుగా ఉంటుంది. మా పాతదానిలా అయిదు వేలు దాటాక కూడా పాడుతూ పోదు, టర్బోలు తొందరగా అలిసిపోతాయి. గుంతల్లో ఒళ్లు కాస్త కదిలిస్తుంది. అయినా గండిపేట దగ్గర ఒక మలుపులో థర్డ్‌లో దూరుతుంటే, దోమలపెంట గుర్తొచ్చింది. వెనక నుంచి మా ఆవిడ, "ఇక చాలు, కొనెయ్" అంది.

కింది మోడల్ మాన్యువల్ తీసుకున్నాను. ఇంకా పై మోడల్‌కి పోనందుకు మా పిల్లలు ఇప్పటికీ మాట్లాడట్లేదు. సీట్లకి ఎర్ర దారమే, చూసి నవ్వుకోండి.

స్విఫ్ట్‌ని మెకానిక్ అన్న బామ్మర్దికే ఇచ్చాను, డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడట. డీలర్ ఇస్తానన్నదానికంటే పది వేలు తక్కువే, పోనీ. బండి పేరు మార్చే ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి, రెండో తాళం కూడా ఇచ్చి, పైకి వచ్చేశాను. మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్.

"అన్నా, సెకండ్ పడ్తలేదు."

"న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగు తమ్మీ."

అటువైపు ఇంజిన్ చప్పుడు. ఆగాడు. పడింది.