రాట్నం తిరుగుతోంది సరే, మూత కింద ఏముంది?

ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లిన వాళ్లకు తెలుసు, అక్కడ రొట్టెలొక్కటే ఉండవని. బారాషహీద్ దర్గా దారిలో గాజుల అంగళ్లు, మిఠాయి బండ్లు, బుడగలు, బూరలు. ఒకసారి మా చెల్లెలి కూతుర్ని ఎత్తుకుని ఆ జనంలో తిరుగుతూ ఒక అట్ట పుస్తకం కొన్నాను. పిల్లకు రెండేళ్లు. పుస్తకం నిండా ఎత్తి చూసే మూతలు. ఒక మూత కింద సింహం, ఇంకో మూత కింద పెంగ్విన్, పేర్లన్నీ ఇంగ్లీషులో. రెండో రోజుకు సగం మూతలు ఊడి మంచం కింద చేరాయి.

"మూడొందల యాభై పోసి చింపడానికి తెచ్చావా అన్నా?" అని చెల్లెలు విసుక్కుంది. మా అమ్మ మాత్రం మనవరాలి పక్షం. "అది చింపలా. లోపల ఇంకేమన్నా ఉందేమోనని చూసింది" అంది.

అమ్మ మాటే నిజమని నాకనిపించింది. పసివాళ్ల మూతల పుస్తకాలకైనా, దేశదేశాల వింతలు ఒకచోట చూపించే ప్రపంచ ప్రదర్శనల మీద పెద్దవాళ్లకు రాసే చరిత్ర పుస్తకాలకైనా నా ప్రశ్న ఒకటే: మూత కింద ఇంకేముంది? మూత ఎత్తితే ఒక బొమ్మ ఉంది, అంతే. దాని తర్వాత చూడ్డానికేమీ లేదు, అడగడానికీ లేదు. ఇలాంటి వాటి వెనక అట్ట మీద 'ఇంటరాక్టివ్' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. పుస్తకంలో ఏదో ఒకటి కదిలితే చాలు, ఆ మాట వాడేయొచ్చని ప్రచురణకర్తల నమ్మకం. మన ఇళ్లలో పుస్తకమే లేకుండా ఈ పని జరిగేది. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని దోబూచులాడటం మూత ఎత్తడమే కదా. పిల్ల అరచేతిలో వేలు తిప్పుతూ పప్పు వండి, కూర వండి, అమ్మకింత నాన్నకింత పంచి, అత్తారింటికి దారి వెతుక్కుంటూ చంక దాకా పోయి చక్కిలిగింత పెడితే ఆ అరచెయ్యే పుస్తకం. వందోసారి కూడా పిల్ల నవ్వుతుంది, ఎందుకంటే ఎదురుగా ఒక మనిషి ఉంది.

ఇది నా పాతకాలపు మోజు కాదు, పరిశోధనలూ ఇటే చూపిస్తున్నాయి. అమెరికాలో జూడీ డిలోచ్, సింథియా చియోంగ్ మరికొందరితో కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, లేచి నిలబడే బొమ్మల పుస్తకం చూసిన పసివాళ్ల కంటే మామూలు ఫొటోల పుస్తకం చూసిన వాళ్లే జంతువుల పేర్లు బాగా పట్టుకున్నారు. 2012లో వాళ్లిద్దరే అక్షరాల పుస్తకాలతో చూశారు. రెండున్నర, మూడేళ్ల మధ్య పిల్లలు, లాగేవీ తిప్పేవీ లేని సాదా పుస్తకంతోనే ఎక్కువ అక్షరాలు నేర్చుకున్నారు. కదిలే ముక్క మీదే ధ్యాస ఉంటే అక్షరం మీద ఎక్కడుంటుంది? అంతకు చాలా ముందే, 1988లో, గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం ఇంకో సంగతి చూపించింది. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు గడగడా చదివేయకుండా 'ఇదేంటి, ఏం చేస్తోంది?' అని అడుగుతూ, పిల్లలు చెప్పినదానికి ఇంకో మాట కలపమని తల్లిదండ్రులకు నేర్పారు. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాటల్లో తేడా వచ్చింది. అక్కడ పని చేసింది అట్ట కాదు, అడిగిన ప్రశ్న.

దీనికీ ప్రపంచ ప్రదర్శనల చరిత్రకీ ఏం సంబంధం అంటారా? ఆ రెండూ ఒక అంగట్లో కలిసి అమ్ముడుపోయిన కాలం ఒకటుంది. 1851లో లండన్ హైడ్ పార్కులో జోసెఫ్ పాక్స్టన్ గాజుతో, ఇనుముతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో మొదటి ప్రపంచ ప్రదర్శన జరిగింది. మొత్తం సందర్శనలు 60 లక్షలు. ఇంటికి తీసుకెళ్లే జ్ఞాపికల్లో ఒక తమాషా కాగితపు వస్తువు ఉండేది. కత్తిరించిన బొమ్మల అట్టలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, రెండు వైపులా హార్మోనియం తిత్తిలా మడతలు అతికించారు. లాగితే సాగుతుంది. ముందున్న కన్నంలోంచి చూస్తే ఆ గాజు మేడ లోపలంతా, జనంతో సహా, దూరం దాకా కనిపిస్తుంది. మన తిరునాళ్లలో 'కాశీపట్నం చూడర బాబూ' అంటూ పిల్లల్ని పిలిచే బయస్కోపు పెట్టెకు ఇది కాగితపు చుట్టం. నేటి మూతల పుస్తకాలకు పెద్దమ్మ వరస.

ఆ కన్నంలోంచి కనిపించనిది ఒకటుంది. అదే ప్రదర్శనలో కోహినూర్‌ని పంజరంలాంటి ఇనుప చట్రంలో పెట్టి చూపించారు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే రాయి. జనం ఎగబడ్డారు, చూసి పెదవి విరిచారు. అనుకున్నంత మెరవలేదు మరి! చుట్టూ గ్యాస్ దీపాలు పెట్టారు, అయినా తృప్తి లేదు. మరుసటి ఏడు దాన్ని సానబెట్టించి ఇప్పటి లెక్కలో సుమారు 191 క్యారెట్ల రాయిని 105.6 క్యారెట్లకు తగ్గించారు. ఇంతవరకూ చాలా పుస్తకాలు చెబుతాయి. ఇంకో మూత ఎత్తితే, 1849లో లాహోర్ ఒప్పందం ప్రకారం ఆ రాయిని బ్రిటిష్ వాళ్లకు వదులుకున్న పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ ఉంటాడు. అప్పటికి ఆ పిల్లవాడికి పదేళ్లు. ప్రదర్శనల చరిత్ర రాసేవాళ్లు ఈ రెండో మూత పెట్టారా లేదా అన్నదే నాకు ముఖ్యం.

షికాగో 1893 తీసుకోండి. తెలుగువాళ్లకు షికాగో అనగానే వివేకానందుడు. ఆ ఫిబ్రవరిలోనే ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడి వెళ్లారు. సెప్టెంబర్ 11న ఆయన ప్రసంగించిన సర్వమత మహాసభ, కొలంబస్ పేరుతో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో భాగమని మన పాఠాలు గట్టిగా చెప్పవు. అదే సంతలో జార్జ్ ఫెర్రిస్ మొదటి జెయింట్ వీల్ నిలబెట్టాడు. ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది దాకా. మన తిరునాళ్లలో పిల్లలు కేకలు పెడుతూ ఎక్కే చక్రానికి మూలపురుషుడు అదే. చిన్నపిల్లల పుస్తకానికి ఇంతకంటే మంచి బొమ్మ ఉండదు. అట్ట మధ్యలో ఒక రివిట్ కొట్టి తిప్పితే సరి. ఫెర్రిస్ మాత్రం రావలసిన డబ్బు కోసం కోర్టుల చుట్టూ తిరిగి 1896లో 37 ఏళ్లకే చనిపోయాడు. చక్రాన్ని 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనకు తరలించి, 1906లో డైనమైట్ పెట్టి కూల్చేశారు.

సెయింట్ లూయిస్ పేరెత్తితే అందరూ చెప్పే కథ ఐస్‌క్రీం కోన్‌ది. దాన్ని అక్కడ కనిపెట్టింది నేనంటే నేనని చాలామంది చెప్పుకున్నారు. అప్పటికే, 1903లో, న్యూయార్క్‌లో ఒక ఇటలీ వ్యాపారి అలాంటి తినే గిన్నెల అచ్చుకు పేటెంట్ తీసుకున్నాడు. సరే, తీపి కథ కాబట్టి నిలబడింది. చేదు కథ మూత కింద ఉండిపోయింది. అదే ప్రదర్శనలో వెయ్యి మందికి పైగా ఫిలిప్పీన్స్ మనుషుల్ని కృత్రిమ పల్లెల్లో ఉంచి టికెట్ కొన్నవాళ్లకు చూపించారు. కాంగో నుంచి తెచ్చిన ఓటా బెంగా అనే యువకుణ్ణి కూడా అక్కడే చూపించి, 1906లో న్యూయార్క్ జంతు ప్రదర్శనశాలలో కోతుల బోనులో పెట్టారు. 1958 బ్రస్సెల్స్ ప్రదర్శనలోనూ కాంగో పల్లె అంటూ మనుషుల్ని కంచె వెనక నిలబెట్టారు. అవమానాలు భరించలేక వాళ్లు మధ్యలోనే ఇళ్లకు వెళ్లిపోయారు. 1984లో రాబర్ట్ రైడెల్ లాంటి చరిత్రకారులు అమెరికా ప్రదర్శనల వెనకున్న జాతి అహంకారాన్ని, సామ్రాజ్య దాహాన్ని విప్పి చూపించారు. ఇప్పటికీ నిగనిగలాడే కాగితం మీద అచ్చయ్యే పుస్తకాల్లో చాలావాటికి టవర్లూ చక్రాలే ముద్దు. లేచి నిలబడే బొమ్మ చూస్తూ జంతువు పేరు మరిచిన పసిపిల్లకీ, పారిస్ ప్రదర్శన కోసం కట్టిన ఈఫిల్ టవర్ చూస్తూ పక్క పల్లెలో నిలబెట్టిన మనిషిని మరిచిన పెద్దవాడికీ తేడా ఏముంది? పిల్లకు రెండేళ్లన్న సాకు ఉంది, అంతే.

రెండేళ్ల పిల్లకు ఓటా బెంగా కథ చెప్పమని కాదు నేననేది. చెప్పకూడదు కూడా. ఆ వయసులో మూత ఎత్తి 'ఇంకేముంది?' అని అడిగే అలవాటు చాలు. ఆ అలవాటును మొదటే చంపేది మనం. ఏడుపు ఆపడానికి చేతిలో ఫోన్ పెడతాం. ఏడాది పిల్లలకు తెర అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా ఇంట్లోనూ అది అమలు కాదు, అది వేరే సంగతి.

తెలుగులో బొమ్మల పుస్తకాలు లేకపోలేదు. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తూలిక, మంచి పుస్తకం వాళ్లవి ఉన్నాయి, ధరా అందుబాటులోనే ఉంటుంది. దళసరి అట్టతో, మూతలతో తెలుగు పుస్తకం కావాలని ట్రంక్ రోడ్డులో అడిగితే మాత్రం నాకు మళ్లీ ఇంగ్లీషు సింహమే చూపించారు. కారణం తేలికే. మూతలూ లేచే బొమ్మలూ ఈనాటికీ చాలావరకు మనుషులు చేత్తో అతికించాలి. వేలల్లో అచ్చేస్తే తప్ప గిట్టదు. అయితే మాకు సింహమెందుకు? ఒంగోలు గిత్త లేదా? దాని మూపురం మీద ఒక మూత పెట్టండి. బ్రెజిల్ రైతులు ఆ జాతిని మన ఊరి పేరుతోనే 'నెలోర్' అని పిలుస్తారని, అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం అదేనని చదివే తల్లికి కింద రెండు ముక్కలు రాయండి. పిల్లకు 'అంబా' చాలు.

పుస్తకం దొరక్క నేనే ఒకటి చేశాను. పాత శుభలేఖల అట్టలు, స్కెచ్ పెన్నులు. స్వర్ణాల చెరువు గీసి నీళ్లలో నిలబడ్డ మనుషుల చేతుల్లో గుండ్రటి రొట్టెలు అతికించాను. ప్రతి రొట్టే ఒక మూత. చదువు రొట్టె కింద పలక, పెళ్లి రొట్టె కింద బాసికం, సంతాన రొట్టె కింద ఉయ్యాల. ఒక రొట్టె కింద మాత్రం ఏమీ గీయకుండా వదిలేశాను. పిల్ల రోజూ ముందు దాన్నే ఎత్తేది. ఒకరోజు అక్కడ పిల్లి ఉందనేది, ఇంకోరోజు అమ్మమ్మ ఉందనేది. మా అమ్మ రాత్రిళ్లు అన్నం పెడుతూ "ఈ రోజు ఎవురొచ్చినారే?" అని అడగడం మొదలుపెట్టింది. మూడు వారాలు బాగానే నడిచింది. మైదా పిండి జిగురు వాడానేమో, ఒక రాత్రి బొద్దింకలు చదువు రొట్టెతో సహా నాలుగు రొట్టెలు కొరికేశాయి. రెండో ముద్రణ ఫెవికాల్‌తో.