పాక్ సే-రి: ఒక బోగీకి దక్కిన కీర్తి

కొరియా మహిళల గోల్ఫ్ గురించి ఎవరు రాసినా పాక్ సే-రి దగ్గరే మొదలుపెడతారు. నిజానికి ఆమె కంటే పదేళ్ల ముందే, 1988లో, కు ఓక్-హీ అమెరికాలో ఎల్‌పీజీఏ (మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్) టైటిల్ గెలిచింది. జపాన్‌లోనూ 20కి పైగా టైటిళ్లు సాధించింది. అయినా స్వదేశంలో ఆమెను పట్టించుకున్నవారు తక్కువ. సియోల్ ఒలింపిక్స్ సన్నాహాల్లో ఉన్న దేశానికి, డబ్బున్నవాళ్ల ఆటగా పేరుపడ్డ గోల్ఫ్‌లో ఒక మహిళ గెలుపు పెద్ద వార్త కాలేదు.

1998 నాటికి పరిస్థితి తలకిందులైంది. అంతకు కొన్ని నెలల ముందే కొరియా అప్పు కోసం ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కింది. కంపెనీలు మూతపడుతున్నాయి, ఉద్యోగాలు ఊడుతున్నాయి. దేశం అప్పు తీర్చాలని జనం ఇంట్లోని బంగారం తెచ్చి ఇచ్చారు. ఆ జూలైలో విస్కాన్సిన్‌లోని బ్లాక్‌వుల్ఫ్ రన్ మైదానంలో యూఎస్ మహిళల ఓపెన్ టోర్నీ ప్లేఆఫ్ (స్కోర్లు సమమైనవారి మధ్య నిర్ణాయక పోటీ) జరిగింది. 20 ఏళ్ల సే-రికి ప్రత్యర్థి జెన్నీ చువాసిరిపోర్న్ అనే అమెచ్యూర్ (ఆటను వృత్తిగా తీసుకోని క్రీడాకారిణి). 18వ హోల్‌లో సే-రి కొట్టిన మొదటి దెబ్బకు (టీ షాట్) బంతి ఎడమకు పోయి, చెరువు గట్టు వాలులోని గడ్డిలో ఇరుక్కుంది. పెనాల్టీ తీసుకుని బంతిని బయట వేసుకోవచ్చు. ఆమె బూట్లు, మేజోళ్లు విప్పి నీళ్లలోకి దిగింది. ఎండకు కమిలిన కాళ్లు, వాటి కింద తెల్లని పాదాలు: ఎన్నేళ్ల సాధనో ఎవరూ చెప్పనక్కర్లేకుండా టీవీలో కనిపించింది.

ఇంత చేస్తే ఆ హోల్‌లో దక్కింది బోగీ, అంటే నిర్ణీత దెబ్బల కంటే ఒకటి ఎక్కువ. జెన్నీ కూడా బోగీయే చేయడంతో పోటీ సమంగానే మిగిలింది. మరో రెండు హోల్స్ ఆడాక సే-రి బర్డీతో (నిర్ణీత దెబ్బల కంటే ఒకటి తక్కువతో) గెలిచింది. ఆ బర్డీ ఎవరికీ గుర్తులేదు. కష్టాల్లో ఉన్న దేశానికి నీళ్లలో నిలబడి దెబ్బ కొట్టిన మనిషి కావాలి, ఆమె దొరికింది.

ఆ ప్రసారం చూసి తొమ్మిదేళ్ల పాక్ ఇన్‌-బీ గోల్ఫ్ మొదలుపెట్టింది. 2008లో అదే టోర్నీ గెలిచి, అతి పిన్న విజేతగా సే-రి పేరిట ఉన్న రికార్డునే చెరిపేసింది. 2016 రియో ఒలింపిక్స్‌లో సే-రి కోచ్‌గా ఉన్న జట్టు నుంచే స్వర్ణం తెచ్చింది. 2012లో కొరియాకే చెందిన చోయ్ నా-యోన్ ఈ టోర్నీని అదే బ్లాక్‌వుల్ఫ్ రన్‌లో గెలిచింది. ఇదంతా ఒక్క షాట్ మహిమ అంటే నేను ఒప్పుకోను. దాని వెనుక స్పాన్సర్ల డబ్బు, సొంత దేశంలో బలమైన టూర్, ఉన్నదంతా ఊడ్చి పిల్లలపై పెట్టిన తల్లిదండ్రులు ఉన్నారు. షాట్ చేసిన పని, ఆ పెట్టుబడికి నమ్మకం ఇవ్వడం.

ఆ నమ్మకం బరువు మోసింది మాత్రం సే-రి ఒక్కతే. 1998 చివర్లో సొంతదేశం వస్తే సన్మానాల హోరులో అలిసిపోయి ఆసుపత్రిలో చేరింది. 2004లో గోల్ఫ్ దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు కావలసిన పాయింట్లు పూర్తయ్యాక ఆట ఒక్కసారిగా కుప్పకూలి, రెండేళ్లు కోలుకోలేదు. చిన్నప్పటి నుంచి సాధన తప్ప విశ్రాంతి నేర్పని పెంపకానికి అది మూల్యమని నా అంచనా. 25 టైటిళ్లు, అందులో ఐదు మేజర్లు (అతి ప్రతిష్ఠాత్మక టోర్నీలు) అని లెక్క చెప్పేవారు ఈ రెండేళ్లను దాటవేస్తారు.

నన్ను అడిగితే ఆమె గొప్ప షాట్ 2006 ఎల్‌పీజీఏ చాంపియన్‌షిప్‌లోది. ఆస్ట్రేలియా క్రీడాకారిణి కేరీ వెబ్‌తో ప్లేఆఫ్‌లో, హైబ్రిడ్ అనే రకం గోల్ఫ్ కర్రతో దూరం నుంచి కొట్టిన బంతి రంధ్రానికి అంగుళాల్లో ఆగింది. అప్పుడు ఆమె ఎవరి దేశాన్నీ ఓదార్చడం లేదు, తన ఆట తాను ఆడుతోంది.