కారా మాస్టారి కథలకు రిపేర్లు

చీకటి కథలు ఆరోగ్యానికి హానికరమని ఈమధ్యే తెలిసింది. చెప్పింది డాక్టర్లు కాదు, మా అపార్ట్‌మెంట్ పుస్తకప్రియుల బృందం. ఆదివారం ఆదివారం క్లబ్‌హౌస్‌లో ఏసీ వేసుకుని, సమోసాలు చల్లారకముందే సాహిత్యాన్ని తేల్చేసే పెద్దమనుషులు వీళ్లు.

ఈసారి వాళ్ల చేతికి చిక్కింది కారా మాస్టారి, అంటే కాళీపట్నం రామారావుగారి, కథల పుస్తకం 'యజ్ఞంతో తొమ్మిది'. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. అవార్డు ఇచ్చారంటే చదివి హాయిగా పడుకోవచ్చని తెప్పించుకున్నారు పాపం. తీరా చదివాక ఒకాయనకి అన్నం సహించలేదు. ఒకావిడకి మూడ్ పాడై రిసార్ట్ బుకింగ్ క్యాన్సిల్ చేసుకోవాల్సి వచ్చింది, డబ్బులు కూడా వెనక్కి రాలేదట. అందరూ కలిసి తేల్చిందేమిటంటే, "రాయడం బాగానే రాశారు గానీ, మరీ నెగిటివ్‌గా ఉన్నాయండీ."

ఆ పుస్తకం చదివిన రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. దానికి రచయితని తప్పు పట్టొచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు. అంత చదువు నాకు లేదు మరి.

నెగిటివ్ అన్నాక ఊరుకుంటారా? బాగుచెయ్యాలి కదా. కమిటీ వేశారు. ఒక బిల్డరు, ఒక బ్యాంకు ఉద్యోగి, వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పే ఒకాయన, ఆ రిసార్ట్ మేడమ్. నేను మూల కుర్చీలో కూర్చుని విన్నాను, సమోసా కోసమే అనుకోండి.

ముందు 'చావు' కథ తీశారు. చలికి ఒక ముసలమ్మ పోతుంది, కాల్చడానికి కట్టెల్లేవు. "ముందే ఒక ప్యాకేజీ తీసుకుని ఉంటే సరిపోయేది కదండీ, ప్లానింగ్ లేకపోవడం" అన్నారు వికాసంగారు. తర్వాత 'నో రూమ్'. కొత్తగా పెళ్లయిన పేద జంటకి ఒక్కరాత్రికి చోటు దొరకదు. బిల్డరుగారు ఉత్సాహంగా ముందుకు జరిగి, మా కొత్త వెంచర్‌లో టూ బీహెచ్‌కే ఇప్పించి కథ ముగిద్దామన్నారు, బ్రోషర్లు కూడా పంచారు. 'జీవధార'లో గుడిసెల ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పెద్ద బంగళా గేటు ముందు నీళ్ల కోసం నిలబడతారు. దాన్ని మేడమ్‌గారు మార్చేశారు. గేటు బయట ఒక చలివేంద్రం, రిబ్బన్ కటింగ్, గ్రూప్ ఫొటో. ఇదే చీరలో తాను కూడా కథలో ఉండొచ్చా అని అడిగారు. ఉండొచ్చన్నారు.

ఇక 'యజ్ఞం' వచ్చింది. 1964లో అచ్చయిన కథ. దాని ముగింపు మీద మన విమర్శకులు దశాబ్దాల తరబడి కొట్టుకున్నారు. కమిటీకి ఇరవై నిమిషాలు చాలింది.

కథ మీకు తెలిసిందే. పంచాయతీ ప్రెసిడెంటు శ్రీరాములునాయుడి హయాంలో సుందరపాలెం అనే ఊరు బ్రహ్మాండంగా బాగుపడింది, బడులూ రోడ్లూ వచ్చాయి. అప్పల్రాముడు గోపన్నకి పడ్డ అప్పు మాత్రం అలాగే ఉంది. పంచాయితీ ఏళ్లకేళ్లు సాగుతుంది. ఎవరూ అరవరు, ఎవరూ కర్ర ఎత్తరు, అందరూ ధర్మం మాట్లాడతారు. అదే ఆ కథలో భయంకరమైన సంగతి. ఇంత మర్యాదగా ఒక కుటుంబాన్ని తరతరాల చాకిరీలోకి తోసెయ్యొచ్చని కారా మాస్టారు చూపిస్తారు.

"అసలు సమస్య అప్పల్రాముడి మైండ్‌సెట్" అని మొదలుపెట్టారు వికాసంగారు. "అప్పుని అవకాశంగా చూడాలి." బ్యాంకాయన అడ్డుపడ్డారు, క్రెడిట్ స్కోరు ఎంతుందో కథలో రాయకపోవడం పెద్ద లోపమని. వన్‌టైమ్ సెటిల్‌మెంట్ పెట్టి, మిగతాది ఈఎంఐలకి మారిస్తే గోపన్న కూడా ఒప్పుకుంటాడన్నారు. గోపన్నని విలన్‌లా చూపకూడదని, ఆయన కూడా రిస్క్ తీసుకున్న వ్యాపారవేత్తే కదా అని మేడమ్ బాధపడ్డారు. శ్రీరాములునాయుడికి జిల్లా స్థాయిలో ఉత్తమ నాయకత్వ అవార్డు ఇప్పించారు. శాలువా రంగు దగ్గర కాస్త వాదన జరిగింది. అప్పల్రాముడి కొడుకు సీతారాముడిని కోపం తగ్గించుకునే క్లాసుకి పంపారు, ఫీజులో డిస్కౌంట్ ఇస్తానని వికాసంగారు మాటిచ్చారు. క్లాసునుంచి తిరిగొచ్చిన సీతారాముడు తండ్రి కాళ్లకి దండం పెట్టి, నోటు మీద నవ్వుతూ సంతకం చేస్తాడు. వెనకాల సన్నాయి.

"మరి ఆ పిల్లాడు?" అన్నాను.

"ఏ పిల్లాడండీ?"

సీతారాముడి కొడుకు. తనలాగే వాడు కూడా ఆ అప్పు మోస్తూ బతకకూడదని కన్నతండ్రే చంపుకున్న పిల్లాడు.

"ఓ, అదా. అది తీసేశామండీ. చాలా డిస్టర్బింగ్‌గా ఉంది. అయినా ఈ రోజుల్లో ఇలాంటివి ఎక్కడున్నాయి?"

ఎక్కడున్నాయా? వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, నిజమే. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ ఎందుకు తెచ్చింది? పల్లెల్లో వారం వారం కిస్తీ కట్టలేక, ఇంటి ముందు కూర్చుని తిట్టేవాళ్ల మాటలు పడలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారు కాబట్టి. 2020 చివర్లో ఇదే హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులకి చదువుకున్న కుర్రాళ్లు చచ్చిపోయారు. ఫోన్‌లో నంబరున్న ప్రతివాడికీ మెసేజ్ పెట్టి వాళ్ల పరువు తీశారు. రచ్చబండ వాట్సాప్‌లోకి మారింది, అంతే. కౌలురైతు పురుగుమందు తాగాడన్న వార్త కాఫీతో పాటు లోపలికి పోతుంది. పక్క పేజీలో రాశిఫలాలు చూసుకుంటారు. అప్పుడు ఎవరి మూడూ పాడవదు, ఏ రిసార్టూ క్యాన్సిల్ అవదు. అదే సంగతి ఒక బడిపంతులు నిద్ర మానుకుని, ఒక్కొక్క మాటా తూచి, మీ గుండెకి తగిలేలా రాస్తే నెగిటివా? అన్నం సహించకపోతే ఒక పూట మానెయ్యండి. అప్పల్రాముడు మానేసినన్ని పూటలు మిమ్మల్ని ఎవరూ మానెయ్యమనలేదు. ఆ పిల్లాణ్ణి కథలోంచి తీసెయ్యడానికి మీరెవరు? వాడికి దక్కిన చోటే ఆ ఒక్క కథ.

ఇదంతా గట్టిగానే అన్నాననుకుంటాను, ఎందుకంటే సెక్యూరిటీ అబ్బాయి తలుపు తీసి చూశాడు. కమిటీవాళ్లు నొచ్చుకోలేదు. మంచివాళ్లు. ఎవరో నీళ్లిచ్చారు, వికాసంగారు మెడిటేషన్ యాప్ లింకు పంపించారు, మొదటి వారం ఉచితం.

తర్వాత అజెండాలోకి వెళ్లారు. వచ్చే ఆదివారం రావిశాస్త్రిగారి 'ఆరు సారా కథలు'. కథలెవరూ ఇంకా తెరవలేదు గానీ పేరు మాత్రం 'ఆరు జ్యూస్ కథలు' అని మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. చక్కెర వెయ్యకుండా అని బ్యాంకాయన సవరణ ప్రతిపాదించారు, ఆయనకి షుగరుంది.