ఉప్పు చవకే, తిప్పలన్నీ ఆనోడ్‌తోనే

‘ఉప్పు చవక కాబట్టి సోడియం బ్యాటరీ కూడా చవకే’ అని సోడియం బ్యాటరీల మీద మీరు రాసిన వ్యాసంలో తేల్చేశారు. మాది శ్రీకాకుళం జిల్లా నౌపడా పక్కన, ఉప్పు మడులు చూస్తూ పెరిగాను. ఉప్పుకి లోటు లేదండీ, చిక్కంతా ఆనోడ్ దగ్గరే, అంటే ఛార్జింగ్ అప్పుడు సోడియం వెళ్లి చేరే బ్యాటరీ కొస దగ్గర. లిథియం బ్యాటరీల ఆనోడ్‌లో వాడే గ్రాఫైట్ పొరల్లో సోడియం సరిగా ఇమడదు. అందుకే పొరలు అడ్డదిడ్డంగా ఉండే హార్డ్ కార్బన్ వాడుతున్నారు. దాని బదులు తగరం పెడితే సోడియం ఎక్కువ పడుతుంది గానీ, నిండేసరికి అది సుమారు ఐదింతలై పగిలిపోతుంది. నానో రేణువులుగా చేస్తే ఆ ఉబ్బు కాస్త తట్టుకుంటుంది. అయితే ఉపరితలం పెరిగి, మొదటి ఛార్జింగ్‌లోనే కొంత సోడియం ఆనోడ్ మీద పైపొర కట్టడానికే ఖర్చయిపోతుంది. ఈ ముక్క మీరు రాయలేదు. కొబ్బరి చిప్పలతోనూ హార్డ్ కార్బన్ చేయొచ్చు, మా ఉద్దానంలో చిప్పలకి కొదవా! 2018లో తిత్లీ తుపానుకి కరెంటు పోయి, ఇన్వర్టర్ బ్యాటరీ చేతులెత్తేసిన ఇల్లు మాది. ధర సంగతి తర్వాత, సోడియం బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందో ముందు రాయండి.