సవరణ: 1998 టైటిల్ వియత్నాందే

చెస్ క్రీడాకారిణి హొవాంగ్ థాన్ ట్రాంగ్ గురించిన పోస్టులో ఆమె టైటిళ్లన్నీ హంగరీ ఖాతాలో పడ్డాయి. అది సరికాదు. 1998లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ గెలిచింది వియత్నాం క్రీడాకారిణిగానే, అదీ మన పక్కనే కేరళలోని కోళికోడ్‌లో! (మూడేళ్లకు అదే టైటిల్ మన కోనేరు హంపి గెలిచింది.) 2000లో ఆసియా మహిళల టైటిల్ కూడా వియత్నాందే.

గందరగోళం ఎక్కడంటే, ఆమె చిన్నప్పటి నుంచీ ఎక్కువగా హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోనే ఉన్నారు. ఉండటం వేరు, ఆడటం వేరు. ఫెడరేషన్ (అంటే ఏ దేశం తరఫున ఆడతారో ఆ దేశపు చెస్ సంఘం) మారింది 2006లో. గ్రాండ్‌మాస్టర్ హోదా 2007లో, అంటే హంగరీకి మారాకే. 2013 యూరోపియన్ మహిళల టైటిల్ మాత్రం హంగరీదే, అందులో తేడా లేదు. యూరప్ ఫెడరేషన్‌లో లేకపోతే ఆ పోటీలో ఆడనిస్తారా మరి?